పక్క ఊళ్లో ఏం జరిగింది?

హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987లో ఒక లెక్క మొదలైంది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీలో రోజూ ఉప్మా వండి పెట్టారు. బొంబాయి రవ్వ ఉప్మా కాదు; మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. తల్లికి రోజుకు సుమారు 500 కేలరీలు, పిల్లలకు 300. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. రెండు రకాల ఊళ్లలోనూ పుట్టిన బిడ్డల్ని తూకం వేస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 60 గ్రాములు ఎక్కువ తూగారు. అంటే గుప్పెడు రవ్వంత. దానికింత హడావుడి దేనికని ఎవరైనా అడగొచ్చు.

పరిశోధకులు మాత్రం ఆ పిల్లల్ని వదిలెయ్యలేదు. 2003-05 మధ్య మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లారు. అప్పటికి పిల్లల వయసు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా ఊళ్లలో పుట్టినవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అసలు విశేషం పొడుగు కాదు. వాళ్లలో రక్తనాళాలు బిరుసెక్కడం కొంచెం తక్కువగా ఉంది, ఇన్సులిన్ పనితీరు కొంచెం మెరుగ్గా ఉంది. పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బు వైపు తీసుకెళ్లే దారిలో వాళ్లు కాస్త వెనకబడి ఉన్నారన్నమాట. ఇలాంటి విషయంలో వెనకబడటమే మేలు.

ఇంతకీ ఇదంతా ఉప్మా వల్లేనా? ఆ 15 ఊళ్లను మాత్రమే కొలిచి ఉంటే ఎవరూ ఏమీ చెప్పగలిగేవాళ్లు కాదు. ఆ పదిహేనేళ్లలో రోడ్లు పడ్డాయి, హైదరాబాద్ ఊళ్ల మీదికి పెరిగింది, పాలు అమ్ముకునేవాళ్లకు, కూలికి వెళ్లేవాళ్లకు నాలుగు డబ్బులు కనిపించాయి. పిల్లలు ఎలాగైనా తల్లిదండ్రుల కంటే కాస్త ఎదిగేవాళ్లే. పథకం అందిన ఊళ్ల గురించి ఫొటోలతో సహా చెప్పడానికి శాఖల వాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. లెక్క నిలబడేది మాత్రం ఏమీ అందని ఆ 14 ఊళ్ల మీద. వైద్య పరిశోధనలో దీన్ని కంట్రోల్ గ్రూప్ అంటారు. పక్క ఊరు అనుకుంటే సరిపోతుంది.

అయితే ఈ ఉప్మా లెక్కలో ఒక లొసుగు ఉంది. ఏ ఊరు ఏ వైపు ఉండాలన్నది చిట్టీలు తీసి తేల్చలేదు. పథకం ముందుగా వచ్చిన ప్రాంతం ఒకటి, ఇంకా రాని పక్క ప్రాంతం ఒకటి. ఆ రెండు ప్రాంతాలకూ మొదటి నుంచే నేలలోనో, నీళ్లలోనో, కూలి రేట్లలోనో తేడా ఉండి ఉంటే? పరిశోధకులు చదువు, కులం, ఇంటి స్థితి లాంటివన్నీ లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చేశారు. కానీ సర్దుబాటు చేయగలిగేది కొలిచినవాటినే. కొలవని తేడాల సంగతి ఎవరు తేల్చాలి?

ఈ చిక్కుకు విరుగుడు పొలంలో దొరికింది. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ ఎరువుల లెక్కలు చూసేవాడు. ఒకే చేలో కూడా కాలువ మొదట్లో ఉన్న మడి వేరు, చివరి మడి వేరు అని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి మడిలో కొత్త ఎరువు వేసి, చవిటి మడిలో పాత ఎరువు వేస్తే గెలిచింది ఎరువా, నేలా? ఏ మడికి ఏ ఎరువో లాటరీ తీయమన్నాడు ఫిషర్. మడులు తగినన్ని ఉంటే తెలిసిన తేడాలు, తెలియని తేడాలు రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. మిగిలే కొద్దిపాటి ఎగుడుదిగుడు ఎంత ఉండొచ్చో కూడా లెక్కకట్టొచ్చు. (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.)

మడుల నుంచి మనుషుల దగ్గరికి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది కానీ అందరికీ సరిపోయేంత లేదు. ఎవరికి ఇవ్వాలన్నది ముందే లాటరీ పద్ధతిలో రాసి సీలు వేసిన కవర్లు తేల్చాయి. మందు అందిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు పోయారు. పడకలో విశ్రాంతి మాత్రమే దొరికిన 52 మందిలో 14 మంది పోయారు. ఆ తేడాను కాకతాళీయం అనడానికి వీల్లేదు. కొత్త మందులకు ఈ పద్ధతే ప్రమాణమైంది.

మందు సంగతి కొంత సులువు. అది ఒంట్లోకి వెళ్లి తన పని తాను చేసుకుపోతుంది. మనుషుల నడవడి అలా కాదు. మనిషికి ఒకటి ఇస్తే ఇంకోటి మానేస్తాడు, చూస్తున్నారంటే జాగ్రత్త పడతాడు, వచ్చే ఏడాది కూడా ఇస్తారని తెలిస్తే ఈ ఏడాది నుంచే లెక్కలు వేసుకుంటాడు. ఇది బాగా బయటపడింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెటూరి సర్కారు బడుల్లోనే.

2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని నడిపారు. 50 మండలాలు, మండలానికి పది ప్రాథమిక పాఠశాలలు, మొత్తం 500. ప్రతి మండలంలోనూ పదింటికి లాటరీ తీశారు. రెండు బడులకు కొంత గ్రాంటు. రెండింటికి అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్. రెండింటిలో పిల్లల మార్కులు పెరిగితే ఆ టీచర్‌కు బోనస్. రెండింటిలో బోనస్ బడి మొత్తానికి కలిపి. చివరి రెండింటికి ఏమీ లేదు, పరీక్షలు మాత్రం అందరితో పాటే.

బోనస్ లెక్క ఇలా పెట్టారు: పిల్లల సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగిన ఒక్కో శాతానికి టీచర్‌కు 500 రూపాయలు. సగటున చూస్తే ఏడాది జీతంలో 3 శాతం చుట్టూ తేలింది. రెండేళ్లయ్యాక లెక్క తీస్తే, బోనస్ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందున్నారు. ఎంత ముందంటే, వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే నడిమధ్యన ఉండే పిల్లాడు లెక్కల్లో దాదాపు పదిమందిని దాటుకుని వచ్చినంత. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లోనూ మార్కులు పెరిగాయి. పరీక్షలో వచ్చేవి మాత్రమే బట్టీ పట్టిస్తారేమోనన్న అనుమానానికి ఇది కొంత జవాబు.

చెప్పకుండా తనిఖీకి వెళ్లినప్పుడు మాత్రం ఒక సంగతి బయటపడింది. బోనస్ ఉన్న బడుల్లో టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. రానివాళ్లు ఎప్పటిలాగే రాలేదు. మారింది వచ్చిన రోజున చేసే పని. అదనపు క్లాసులు తీసుకున్నామని, హోంవర్క్, ప్రాక్టీసు పరీక్షలు పెంచామని, వెనకబడ్డ పిల్లలను కనిపెట్టుకుని ఉన్నామని టీచర్లు చెప్పారు. బడికి రావడం, వచ్చి పాఠం చెప్పడం రెండూ వేరు వేరు విషయాలని పల్లెల్లో తల్లిదండ్రులు ఎప్పుడూ అంటుంటారు. ఇక్కడ దానికి అంకె దొరికింది. హాజరు యంత్రాలు బిగిస్తే చదువు బాగుపడుతుందనుకునే అధికారులు ఈ ఒక్క ఫలితం చదివినా చాలు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఏడాది పొడవునా ఎవరో వచ్చి పరీక్షలు పెడుతూ, చూసి రాసుకుంటూ ఉంటే ఆ టెన్షన్‌కే టీచర్లు కాస్త ఒళ్లు వంచుతారు కదా! అందుకే మరికొన్ని బడులను విడిగా ఎంచుకుని, ఏడాది చివర్లో తప్ప అటువైపు తొంగి చూడలేదు. వాటికీ, పోలిక కోసం పెట్టుకున్న బడులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పక్క ఊరికి మళ్లీ ఇంకో పక్క ఊరన్నమాట. వంటింట్లో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ఇద్దరి చేత రుచి చూపించినట్టు.

గ్రాంటు బడుల కథ అన్నింటికంటే రుచికరం. ఒక్కో బడికి సుమారు 10,000 రూపాయలు వచ్చాయి. అందులో చాలా భాగం నోటుపుస్తకాలు, వర్క్‌బుక్‌లు, పలకల్లాంటివాటికి పోయింది. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అంతే డబ్బు, అవే సామాన్లు. మార్కుల్లో పెరుగుదల లేదు. బడిలో ఏమీ మారలేదు కాబట్టి బడి వైపు ఎంత వెతికినా కారణం దొరకదు.

కారణం ఇంట్లో ఉంది. మొదటి ఏడాది గ్రాంటు వస్తుందని ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులు జూన్‌లో ఎప్పటిలాగే నోటుపుస్తకాలు కొనిపెట్టారు. ఆ పైన బడిలోనూ ఇచ్చారు. పిల్లాడి చేతికి రెండు వాటాలు అందాయి. రెండో ఏడాది, బడిలో ఎలాగూ ఇస్తారని తెలుసు. ఇంట్లో కొనడం తగ్గించారు. పరిశోధకుల లెక్క ప్రకారం, బడికి వచ్చిన ప్రతి రూపాయికి ఇంటి ఖర్చులో దాదాపు 85 పైసలు తగ్గాయి. పిల్లాడి సంచిలో పుస్తకాలు మళ్లీ మొదటికే వచ్చాయి.

ఇందులో ఆ తల్లిదండ్రుల తప్పేమీ లేదు. మిగిలిన డబ్బు ఇంట్లో ఏ ఉప్పుకో పప్పుకో, బాకీకో పోయి ఉంటుంది. కుటుంబానికి అందిన మేలు అందింది. కానీ "గ్రాంటు ఇస్తే చదువు పెరుగుతుందా" అన్న ప్రశ్నకు మొదటి ఏడాది ఒక జవాబు, రెండో ఏడాది ఇంకో జవాబు వచ్చింది. ఒక్క ఏడాదితో ఆపేసి ఉంటే, తప్పుడు జవాబు పట్టుకుని ఊరేగేవాళ్లు. మన దగ్గర పథకాల మదింపులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

సగటు అనే మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. 2006-07లో హైదరాబాద్‌లోని 104 పేద బస్తీలను జతపరిచి, లాటరీ మీద 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. మహిళలకు గ్రూపుల ద్వారా అప్పులు, మొదటి విడత 10,000 రూపాయలు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి ఏడాదిన్నర తర్వాత దాదాపు 6,850 ఇళ్లను సర్వే చేశారు. బెనర్జీ, డఫ్లోలకు 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి నోబెల్ వచ్చింది ఇలాంటి పనులకే.

ఇన్ని వేల ఇళ్లున్నా, గణాంకం దృష్టిలో అసలు అంకె 104. ఒకే బస్తీలో ఉండేవాళ్లకు కొళాయి ఒకటే, మేస్త్రీ ఒకడే, వర్షం వస్తే మునిగేదీ అందరి ఇళ్లే. వాళ్లు వేర్వేరు సాక్షులు కారు. ఒక బస్తీలో ఇంకో వంద ఇళ్లు అడిగినా కొత్తగా తెలిసేది తక్కువ. ఇంకో బస్తీ కలిస్తే తెలిసేది ఎక్కువ. "పది వేల మందిని సర్వే చేశాం" అని టీవీలో ఎవరైనా అంటే, ఎన్ని చోట్ల చేశారన్నది ముందు అడగాలి.

ఫలితం ఎవరినీ సంతోషపెట్టలేదు. సూక్ష్మరుణాలు పేదరికాన్ని తుడిచేస్తాయన్నవాళ్లకు నిరాశ: ఇంటి నెలవారీ ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అప్పులు కొంపలు ముంచుతాయన్నవాళ్లకూ సగటులో అది కనిపించలేదు. శాఖ తెరిచిన బస్తీల్లో సూక్ష్మరుణం తీసుకున్న ఇళ్లు 27 శాతం, తెరవని చోట వేరే సంస్థల దగ్గర తీసుకున్నవి 18 శాతం. అంటే జనం ఎగబడిందీ లేదు. మార్పల్లా ఖర్చు చేసే తీరులో వచ్చింది. మన్నికైన సామాన్లు కొనడం పెరిగింది. టీ, పాన్, పొగాకు లాంటి చిల్లర ఖర్చులు, పండగ ఖర్చులు తగ్గాయి. వ్యాపారాల్లో అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిమందికి లాభాలు పెరిగాయి. మిగతావాళ్ల బండి, కొట్టు ఉన్నచోటే ఉన్నాయి.

సగటు సున్నా అయితే ఎవరికీ ఏమీ కాలేదని కాదు. నలుగురు పైకి వచ్చి నలుగురు కిందికి పోయినా సగటు సున్నాయే. 2010లో రాష్ట్రంలో సూక్ష్మరుణ బాధితుల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వ్యాపారం దాదాపు స్తంభించింది. 104 బస్తీల లెక్క ఆ వార్తలను అబద్ధం చెయ్యదు, ఆ వార్తలు ఈ లెక్కనూ అబద్ధం చెయ్యవు. ఒకటి మధ్యలో ఉన్నవాళ్ల గురించి చెప్పింది, రెండోది అంచున ఉన్నవాళ్ల గురించి.

ఇదే బృందంలోని వాళ్లు రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెల్లో చేసిన టీకాల ప్రయోగం ఇంతకంటే ప్రసిద్ధం. నెలనెలా తప్పకుండా క్యాంపు పెడితే పూర్తిగా టీకాలు పడ్డ పిల్లలు 18 శాతం. క్యాంపుతో పాటు టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు పళ్లేలు ఇస్తే 39 శాతం. ఏమీ చేయని ఊళ్లలో 6. పప్పు ఇచ్చిన చోటే ఒక్కో బిడ్డకు ఖర్చు సగానికి తగ్గింది. నర్సు ఎలాగూ రోజంతా కూర్చోవాలి, వచ్చే పిల్లలు పెరిగారు. టీకా వద్దని తల్లులెవరూ పట్టుబట్టి కూర్చోలేదు. వాయిదా వేస్తున్నారంతే. పప్పు ఆ వాయిదాను చెరిపేసింది.

టీకాల మాట వచ్చింది కాబట్టి ఖమ్మం సంగతి చెప్పుకోకపోతే కుదరదు. 2009లో అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడి మూడు మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. రెండు చోట్లా కలిపి ఏడు మరణాలు. విచారణ కమిటీ చూస్తే ఒకరు క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన రెండు మరణాలు కూడా టీకా వల్ల కావని అంచనాకు వచ్చింది.

"టీకా వేయించుకున్నాక పోయింది", "టీకా వల్ల పోయింది". ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలవడానికే పక్క ఊరు కావాలి. అన్ని వేల మంది పిల్లల్లో, ఏజెన్సీ ప్రాంతంలో, ఏడాదిలో కొన్ని మరణాలు ఏ టీకా లేకుండానే జరుగుతాయి. ఎన్ని జరుగుతాయో ముందే లెక్క పెట్టుకుని, టీకా వేశాక ఎవరికేమైందో ఇల్లిల్లూ తిరిగి కనిపెట్టే ఏర్పాటు ఉండి ఉంటే జవాబు వెంటనే దొరికేది. ఆ ఏర్పాటు సరిగా లేదు.

అంతకంటే పెద్ద తప్పు కాగితాల్లో బయటపడింది. చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. ఇది ప్రయోగం కాదు, నమూనా కార్యక్రమం మాత్రమేనని నిర్వాహకుల వాదన. పేరు ఏదైనా, పిల్లకు ఏం ఇస్తున్నారో తల్లిదండ్రులకు చెప్పలేదన్నది అలాగే ఉంటుంది. టీకా విషయంలో లెక్క బహుశా నిర్వాహకుల పక్షానే ఉంది. సంతకాల దగ్గర మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు.

ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం అన్యాయం కాదా అన్న ప్రశ్న ఇలాంటి ప్రతి పనికీ ఎదురవుతుంది. దానికి కాస్త మర్యాదైన జవాబు ఉమ్మడి రాష్ట్రంలోనే 2010-12 మధ్య కనిపించింది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఊళ్లోనే ఇచ్చే పద్ధతి అన్ని మండలాలకూ రావాల్సిందే, కానీ ఒక్కసారిగా తేలేరు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదానికి ఎనిమిది జిల్లాల్లో లాటరీ తీశారు. చిట్టీలో వెనక పడ్డ మండలాలే పోలికకు పనికొచ్చాయి. కార్డు వచ్చిన చోట కూలి డబ్బులు త్వరగా చేతికొచ్చాయి, మధ్యలో జారిపోయే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గింది.

మధ్యలో జారడం ఆగితే నష్టపోయేవాళ్లు ఊరుకోరు. యంత్రం పనిచేయట్లేదని, వేలిముద్రలు పడట్లేదని, జనం ఇబ్బంది పడుతున్నారని కిందిస్థాయి నుంచి ఫిర్యాదులు పైకి వెళ్తూనే ఉన్నాయి. 2013 నాటికి ప్రభుత్వం పథకాన్ని ఎత్తేసే ఆలోచన దాకా వెళ్లింది. అప్పుడు సర్వేలో ఇల్లిల్లూ తిరిగి అడిగిన ప్రశ్న పనికొచ్చింది. కార్డు ద్వారా డబ్బు తీసుకున్నవాళ్లలో పాత పద్ధతి కంటే ఇదే బాగుందన్నవాళ్లు కూలీల్లో 84 శాతం, పింఛనుదారుల్లో 91 శాతం. వాళ్లలో ఎవరూ కలెక్టరేట్‌కు వచ్చి ఆ మాట చెప్పలేదు. ఎవరో గుమ్మం ముందు నిలబడి అడిగితే చెప్పారు.